మావారి ప్లాన్‌లో రోజుకు 80 కిలోమీటర్లు, నేనేమో సామాన్ల కాలమ్‌లో!

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. కుదించి చెబుతాను.

ఆవిడకు 54 ఏళ్ళు. పుట్టిల్లు పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువ గట్టున ఉన్న ఊరు, కాపురం హైదరాబాద్‌లో. బ్యాంకు ఉద్యోగం చేసి ఈమధ్యే వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నారు. భర్తకు 58. కోవిడ్ రోజుల్లో ఆయన సరదాగా కొన్న సైకిల్ ఇప్పుడు సరదా దాటిపోయింది. ఆదివారం వస్తే చాలు, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీద గ్రూపుతో కలిసి 50 కిలోమీటర్లు తొక్కి వస్తారు. కొడుకు, కోడలు మ్యూనిక్‌లో ఉంటారు. వచ్చే ఏడాది వాళ్ళ దగ్గరకు వెళ్ళినప్పుడు దక్షిణ ఫ్రాన్స్ కూడా వెళ్ళాలని ఆయన కోరిక. తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం దాకా కనాల్ దు మిది అనే పాత కాలువ ఉంది. దాని గట్టు మీద, ద్రాక్షతోటల మధ్యగా సైకిల్ ప్రయాణం. 240 కిలోమీటర్లు, 3 రోజులు. "వస్తే రా, రాలేనంటే అబ్బాయి దగ్గరుండు" అన్నారట.

ఆవిడ ఇంటర్ దాకా కాలేజీకి సైకిల్ మీదే వెళ్ళారు. ఆ తర్వాత ముట్టుకోలేదు. మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. ఈత రాదు. గుడ్డు కూడా తినరు. ఇంట్లో 82 ఏళ్ళ అత్తగారున్నారు. "ఈ వయసులో నిక్కర్లేసుకుని సైకిళ్ళేంటి వదినా" అని ఆడపడుచు నవ్వారట. ఒకరోజు భర్త తయారుచేసుకున్న ఎక్సెల్ షీట్ ఈవిడ కంట పడింది. ఏ రోజు ఎంత దూరం, సగటు వేగం ఎంత, రాత్రి బస ఎక్కడ, అన్నీ ఉన్నాయి. తన పేరు ఎక్కడుందా అని చూస్తే సామాన్ల జాబితాలో ఒక్కచోట కనిపించింది: "మందులు, పొడులు - శ్రీమతి" అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాశారు. సంతకం పెట్టేశాక కింద ఇంకో మాట చేర్చారు: "రెండు నెలల నుంచి పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ కూతురి సైకిల్ తొక్కుతున్నాను. ఈ సంగతి మావారికి తెలియదు. వెళ్ళాలో మానాలో మీరే చెప్పండి."

అమ్మా,

వెళ్ళాలని లేని మనిషి తెల్లవారకముందే లేచి సెల్లార్‌లో స్తంభాల చుట్టూ సైకిల్ తొక్కదు. కాబట్టి వెళ్ళాలా మానాలా అన్నది పక్కన పెడదాం. ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు వచ్చిన అనుమానం వేరు. ఈ సంగతి ఆయనకెందుకు చెప్పలేదు?

పడితే నవ్వుతారని కాదనుకుంటాను. మీరు తొక్కగలరని తెలిసిన మరుక్షణం ఆ షీట్‌లో మీకూ ఒక వరస పుడుతుంది. అందులోనూ 80 అనే ఉంటుంది. ఇప్పుడు సామాన్ల జాబితాలో ఉన్నారు. అప్పుడు వెనకబడ్డవాళ్ళ జాబితాలోకి వస్తారు. రెండూ ఇష్టం లేకే నోరు కట్టుకున్నారని నాకనిపిస్తోంది. తప్పయితే కొట్టిపారేయండి.

ఆయన వైపు నుంచి కూడా ఒక్కసారి చూడండి. ఆయనకు తెలిసినంతవరకు మీరు ముప్పై ఏళ్ళు దాటి సైకిల్ ఎక్కలేదు, మోకాలికి ఆయింట్‌మెంట్ రాసుకుంటారు. "రాలేనంటే" అన్న మాటలో మీకు నిర్లక్ష్యం వినిపించింది. బలవంతం పెట్టకూడదనే ఆయన అలా అని ఉండొచ్చు. రావాలనుందని మీరు నోరు తెరిచి అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన తప్పు లేదనడం లేదు. ఇద్దరి ప్రయాణానికి ఒక్కరే కూర్చుని లెక్కలు వేయడం తప్పే. కానీ దాన్ని దిద్దే అవకాశం ఆయనకింకా రాలేదు.

మీరు ఆయనతో తేల్చుకోవలసింది ఒకటే: రోజుకు ఎంత దూరమన్నది ఎవరు చెప్పాలి? ఇద్దరు కలిసి తొక్కేటప్పుడు నిదానంగా వెళ్ళేవారే చెప్పాలి. ఇందులో జాలిపడాల్సిందేమీ లేదు. వేగంగా వెళ్ళేవారు ఆగగలరు, నిదానంగా వెళ్ళేవారు పరుగెత్తలేరు. "రావాలనుంది. తొక్కుతున్నాను కూడా. దూరం మాత్రం నేను చెబుతాను" అనండి చాలు. పాత లెక్కలు, షీట్‌లో మీ పేరు లేదన్న బాధ అదే రోజు తీయకండి. తీస్తే మాట షీట్ మీదకు పోతుంది, సైకిల్ వెనక్కి పోతుంది. ఆ బాధ చెప్పుకోవద్దనడం లేదు. ఇంకో రోజు చెప్పండి.

ఇంతకీ ఆ 80 కిలోమీటర్ల లెక్కే అక్కడి గట్టుకు సరిపోదు. అది సోలార్ ట్రాక్ మీద పుట్టిన అంకె. మీరు ఏ దారి ఎంచుకున్నా ఆ గట్టు ఎలా ఉంటుందో తెలిసి ఉంటే మంచిది కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మీరు పెరిగిన గోదావరి కాలువలు ఆనకట్ట దగ్గర మొదలై పల్లానికి పారతాయి. ఈ కాలువ అలా కాదు. తులూజ్ నుంచి మెల్లగా పైకెక్కి, నోరూజ్ అనే మిట్ట దగ్గర దాదాపు 190 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కణ్ణించి సముద్రం వైపు దిగుతుంది. మిట్ట మీదకు నీళ్ళెలా తేవాలన్నదే అప్పట్లో అందరినీ ఆపేసిన చిక్కు. పియెర్-పోల్ రికె అనే ఉప్పు పన్ను వసూలుదారు నల్ల కొండల్లో వాగులు మళ్ళించి, సాఁ-ఫెరియోల్ దగ్గర చెరువు కట్టి, ఆ నీళ్ళు మిట్టకు చేర్చాడు. 1666లో రాజు అనుమతి వచ్చింది. సొంత ఆస్తి కూడా అందులోనే పోసి, అప్పులతో 1680లో చనిపోయాడు. మరుసటేడాది కాలువ తెరిచారు. ఇదంతా మీవారు దారిలో ఎలాగూ చెబుతారు. ముందే తెలిసినట్టు మొహం పెట్టకండి, పాపం.

సైకిల్‌కు కావలసిన సంగతికొస్తే, తులూజ్ నుంచి మిట్ట దగ్గరి దాకా దాదాపు 50 కిలోమీటర్లు గట్టు మీద చక్కని తారుబాట ఉంది. ఎక్కుతున్నట్టే తెలియదు. కానీ అక్కడ ద్రాక్షతోటలు లేవు, గోధుమ చేలు, పొద్దుతిరుగుడు చేలు ఉంటాయి. ద్రాక్షతోటలు మొదలయ్యేది కార్కాసోన్ అనే కోట ఊరు దాటాక. ఒక వైపు మినెర్వ్వా, ఇంకో వైపు కోర్బియేర్, రెండూ వైన్‌కు పేరున్న సీమలు. మీవారు ఫొటోల్లో చూసిన దృశ్యాలు అవే. సరిగ్గా అక్కడే చాలా చోట్ల తారు ఉండదు. మట్టిబాట, కంకర, మధ్యలో ఒక్క సైకిల్ చక్రం పట్టేంత గీత. గట్టు పొడుగునా ప్లాటేన్ అనే పెద్ద నీడ చెట్లుంటాయి. వాటి వేళ్ళు బాట కింద నుంచి ఉబ్బి పైకి తేలతాయి. ముందు చక్రం వేరు మీదకు ఎక్కి దిగేటప్పుడు హ్యాండిల్ చేతుల్లో ఒక్కసారి గుంజుతుంది. ఆ గుంజుడు కాలువ వైపుకే అనిపిస్తుంది, నిజంగా ఎటు గుంజినా సరే. అక్కడ గంటకు 18 కిలోమీటర్ల సగటు రావడం కష్టం. 10, 12 వస్తే బాగా తొక్కినట్టే. వాన పడితే ఆ మట్టి బురదై మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది.

ఈత రాదన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇరుకుగా ఉన్నచోట దిగి నడిపించుకుపోవడం ఆ గట్టు మీద చిన్నతనం కాదు. అందరూ దిగుతారు.

నీడ సంగతి కూడా ఫొటోలను చూసి నమ్మకండి. ఆ చెట్లు దాదాపు 42,000 ఉండేవి. 2006లో వాటికి ఒక బూజు తెగులు పట్టినట్టు తేలింది. మందు లేదు. తగిలిన చెట్టును, దాని చుట్టుపక్కల చెట్లను కొట్టి కాల్చేయడమే మార్గం. అలా వేలకు వేలు పోయాయి. వేరే జాతి మొక్కలు నాటుతున్నారు గానీ అవి నీడనిచ్చే వయసుకు రాలేదు. కాబట్టి జులై, ఆగస్టు వద్దు. 35 డిగ్రీల ఎండలో నీడ లేని గట్టు మీద మంచి సైకిలిస్టులకూ కళ్ళు బైర్లు కమ్ముతాయి. మే నెలాఖరు, జూన్ మొదట్లో, లేదంటే సెప్టెంబరు. సెప్టెంబరులో ద్రాక్ష కోతలు చూడొచ్చు. పక్క రోడ్ల మీద ట్రాక్టర్ల రద్దీ మాత్రం ఉంటుంది.

గాలి ఇంకోటి. పడమటి నుంచి సముద్రం వైపు వీచే గాలిని అక్కడ సేర్స్ అంటారు. తులూజ్ నుంచి బయల్దేరితే అది వీపున తోస్తుంది, కాబట్టి మీవారు ఎంచుకున్న దిక్కు మంచిదే. కానీ సముద్రం వైపు నుంచి ఒతాన్ అనే గాలి లేచిందంటే ఎదురుగా కొడుతుంది, ఒక్కోసారి రోజుల తరబడి. ఆ రోజు 80 అనుకున్నవాళ్ళు 40 దగ్గరే చేతులెత్తేస్తారు. ప్రతి రాత్రికీ హోటల్ ముందే బుక్ చేసి డబ్బు కట్టేస్తే మాత్రం ఎదురుగాలిలో ఏడుస్తూ తొక్కాల్సిందే. కనీసం ఒక్క రోజు ఖాళీగా ఉంచమనండి.

ఇక మీ ముందున్న దారులు. నాకు కనిపించినవి చెబుతాను, ఎంచుకునేది మీరు.

ఆయన కాలువ మీదే, మీ వేగంతో వెళ్ళడం మొదటిది. మొత్తం 240 పూర్తి చేయాలన్న పంతం వదిలేస్తే ఇది చాలా బాగుంటుంది. తులూజ్ నుంచి కార్కాసోన్ దాకా రైల్లో వెళ్ళిపోండి. అక్కడి కోట ఒక పూట చూసి, మర్నాడు మొదలుపెట్టండి. కార్కాసోన్ నుంచి ఓంప్స్ 40 కిలోమీటర్లు. అదొక్కటే పెద్ద రోజు, కావాలంటే మధ్యలో ఆగి రెండుగా చేసుకోవచ్చు. ఓంప్స్ నుంచి ల సొమాయ్ 21, అక్కణ్ణించి కాపెస్తాంగ్ 22, అక్కణ్ణించి బెజియె 20. ద్రాక్షతోటలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఓంప్స్ దాటిన కొద్దిసేపటికి లాకులు, అంటే పడవలను ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల తొట్లు, అయిపోతాయి. అక్కణ్ణించి బెజియె దాకా 54 కిలోమీటర్ల పొడుగునా ఒక్క లాకూ లేకుండా నీళ్ళు ఒకే మట్టంలో ఉంటాయి. అందుకోసం కాలువ కొండల అంచు పట్టుకుని వంకర్లు తిరుగుతుంది. పక్క ఊరి చర్చి గంటస్తంభం కళ్ళ ముందే కనబడుతుంది, ఎంత తొక్కినా దగ్గరవదు. కోపం తెచ్చుకోకండి. కాపెస్తాంగ్ దాటాక మాల్పాస్ దగ్గర కొండ కింద కాలువ కోసం తొలిచిన సొరంగం ఉంది. 1679లో మొదలుపెట్టారు, యూరప్‌లో కాలువకు అదే మొదటి సొరంగం. సైకిళ్ళు కొండ మీదుగా పోతాయి. పక్కనున్న గుట్ట ఎక్కితే మోంతాదీ చెరువు కనబడుతుంది. మధ్యయుగంలో ఎండగట్టి, మధ్య నుంచి సూర్యకిరణాల్లా కాలువలు తీసి పొలాలుగా కోసిన చెరువు. బెజియె ముందర ఫోన్సెరాన్ లాకుల్లో ఎనిమిది తొట్లు మెట్లలాగా ఒకదాని కింద ఒకటి, 21 మీటర్ల దిగుడు. లాకులు చూస్తూ పెరిగారు కదా, అక్కడ మీకు సగం రోజు చాలదు.

ఈ దారిలో ఇబ్బంది కూడా చెప్పాలి. కార్కాసోన్ నుంచి బెజియె మధ్యలో రైలు మార్గం కాలువకు దూరంగా దక్షిణాన పోతుంది. ఓంప్స్‌లోనూ కాపెస్తాంగ్‌లోనూ రైలెక్కలేరు. మోకాలు మొరాయిస్తే టాక్సీయే గతి, పల్లెటూళ్ళలో అది పిలవగానే రాదు. రెండోది మీవారి గురించి. రోజుకు 20 కిలోమీటర్లంటే ఆయనకు పొద్దున టిఫినయ్యాక రెండు గంటల పని. మధ్యాహ్నం నుంచి ఖాళీ. ఆ ఖాళీని ఆయన భరించగలరా అన్నది మీకే తెలుసు. ముందుకెళ్ళి వెనక్కి రావడం, చుట్టుపక్కల తోటల దారుల్లో ఇంకో 30 తొక్కి రావడం లాంటివి ఆయనకు వదిలేయండి. పక్కనే ఉండాలని పట్టుబట్టకండి. తోటల్లో వైన్ రుచి చూస్తానంటే చూడనివ్వండి. రుచి చూసి ఉమ్మేయడం అక్కడ మర్యాదే. అయితే ఫ్రాన్స్‌లో మందు తాగి బండి నడపకూడదన్న చట్టం సైకిల్‌కూ వర్తిస్తుంది. లీటరు రక్తానికి అర గ్రాము దాటితే జరిమానా.

రెండో దారి, అసలు ఆ కాలువే వద్దనుకోవడం. తులూజ్ నుంచే పడమటికి, బోర్దో వైపు ఇంకో కాలువ పోతుంది. గరోన్ కాలువ, 193 కిలోమీటర్లు, 1856కు పూర్తయింది. దీని గట్టు దాదాపు పొడుగునా నున్నటి తారు. మోటారు బండ్లు రావు. తులూజ్-బోర్దో రైలు మార్గం పక్కనే ఉంటుంది, మ్వాసాక్, అజాన్, మార్మాంద్ లాంటి ఊళ్ళలో స్టేషన్లున్నాయి. విసుగొస్తే ఎక్కేయొచ్చు. మ్వాసాక్ చుట్టూ షాస్లా అనే తినే ద్రాక్ష పండిస్తారు, బంగారు రంగులో చిన్న పండ్లు. వైన్ తాగని మనిషికి ద్రాక్షసీమలో ఇంతకంటే మంచి చోటు లేదు. అజాన్ దగ్గర కాలువ నదిని దాటుతుంది, 23 కమానుల రాతి వంతెన మీద. కింద గరోన్ నది, పైన నీళ్ళు, ఆ నీళ్ళ పక్కన మీ సైకిల్. తర్వాత బుజే ద్రాక్షతోటలొస్తాయి. కాళ్ళలో సత్తువ మిగిలితే కాలువ వదిలి సోవ్‌తెర్ అనే ఊరికి వెళ్ళి, అక్కణ్ణించి పాత రైలు పట్టాల మీద వేసిన సైకిల్ బాటలో బోర్దో చేరవచ్చు. అదంతా ద్రాక్షతోటల సీమే. ఆ బాటకు 1937లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం గెలిచిన రోజె లాపెబి పేరు పెట్టారు. ఈ మాట మీవారి చెవిన వేయండి, సగం మెత్తబడతారు.

మీ మోకాలు, మీ అలవాటు చూస్తే నా మొగ్గు దీనివైపే. కానీ ఇది ఆయన కలగన్న కాలువ కాదు. "నీకోసం మార్చుకున్నాను" అన్న మాట తర్వాత ఏడాదంతా వినాల్సి రావచ్చు. అలాంటి మాటలు మీ ఇంట్లో మామూలేనా, అరుదా అన్నది నాకు తెలియదు. మామూలే అయితే ఈ దారి మంచిది కాదు.

దీనికి విరుగుడుగా మూడోది ఉంది. ముందు ఇద్దరూ గరోన్ గట్టు మీద మీ వేగంతో నాలుగైదు రోజులు తొక్కండి. తర్వాత మీరు తులూజ్‌లోనో మ్యూనిక్‌లోనో ఉండండి, ఆయన కనాల్ దు మిది మీద తన 240, తన 3 రోజుల్లో తొక్కుకొస్తారు. ఆయన షీట్ చెడదు. అయితే ముందు వెనకలు మార్చకండి. ఆయనది ముందు పెడితే, అలసిపోయి వచ్చాక మీతో తొక్కేది మొక్కుబడి అవుతుంది. సెలవు కొంచెం ఎక్కువ పడుతుంది, అద్దె సైకిళ్ళ ఖర్చూ పెరుగుతుంది.

నాలుగోది పడవ. అబ్బాయి, కోడలు కూడా వస్తామంటేనే దీని గురించి ఆలోచించండి. ఈ కాలువల మీద అద్దె పడవ నడపడానికి లైసెన్సు అక్కర్లేదు, షాపువాళ్ళే నేర్పి పంపిస్తారు. వంటగది ఉంటుంది, సైకిళ్ళు పైన పెట్టుకోవచ్చు. గంటకు 8 కిలోమీటర్లు దాటకూడదు కాబట్టి గట్టు మీద మీరే ముందుంటారు. తొక్కాలనిపిస్తే తొక్కుతారు, లేకపోతే పడవలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తారు. కానీ లాకుల దగ్గర తాళ్ళు పట్టుకోవడానికి మనుషులు కావాలి, ఇద్దరితో కష్టం. ఎండాకాలంలో ఖర్చు బాగా ఎక్కువ. పైగా నలుగురు ఒక పడవలో వారం రోజులంటే కోడలి మాట కూడా ముందే అడగాలి. ఆ అమ్మాయికి అదే సంవత్సరంలో దొరికే సెలవు కావచ్చు.

ఈ-బైక్ సంగతి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అంటారు. మోకాలికి మంచిదే, గంటకు 25 కిలోమీటర్ల దాకా మోటారు సాయం చేస్తుంది. తారుబాట మీదైతే హాయిగా వాడండి. మీవారే వెనకబడి రొప్పుతుంటే చూడటం కూడా ఒక సుఖం. కానీ బండి చాలా బరువు. తొక్కగానే ముందుకు ఉరుకుతుంది. వేళ్ళు తేలిన ఇరుకు గట్టు మీద, పక్కన నీళ్ళున్నచోట, కొత్తగా తొక్కేవారికి ఆ ఉరుకు భయపెడుతుంది. ముందు హైదరాబాద్‌లో ఎక్కడైనా అద్దెకు తీసుకుని అలవాటు చేసుకోండి.

ఇవేవీ కాకుండా ఆయన్ను ఒంటరిగా పంపి మీరు మ్యూనిక్‌లో ఉండటం కూడా ఒక దారే. అది ఓటమేమీ కాదు. కాకపోతే తొక్కడం వచ్చి కూడా చెప్పకుండా ఉండిపోతే, ఆయన పంపే ప్రతి ఫొటో మిమ్మల్ని గుచ్చుతుంది. వద్దనుకుంటే చెప్పి వద్దనుకోండి.

సెల్లార్ వదిలి బయటకు రావాల్సిన సమయం వచ్చింది. నున్నటి గచ్చు మీద గుండ్రంగా తిరిగితే బ్యాలెన్స్ వస్తుంది, ఓపిక రాదు. ఆయన వెళ్ళే ట్రాక్‌కే వెళ్ళండి, మొదట 8 కిలోమీటర్లు చాలు. వరసగా మూడు రోజులు తొక్కి చూడండి. ఒక్క రోజు ఎవరైనా తొక్కుతారు. రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చోగానే తెలుస్తుంది అసలు కథ. మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కరు లోపల వేసుకుని, పైన మామూలు వదులు ప్యాంటు వేసుకోవచ్చు. ఆడపడుచుగారికి ఏమీ కనిపించదు. మోకాలి నొప్పి చాలాసార్లు సీటు మరీ కిందికి ఉండటం వల్ల ఎక్కువవుతుంది. పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు దాదాపు తిన్నగా రావాలి, కొద్దిగా మాత్రమే వంగాలి. దానికి ముందు ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించి, రోజుకు 20 తొక్కొచ్చా అని సూటిగా అడగండి.

అద్దె షాపులో అడ్డబారు లేని సైకిల్, అదే మన లేడీస్ సైకిల్ అడగండి. మగవాళ్ళు కూడా అదే తీసుకుంటారు. ఇంకో ముఖ్యమైన సంగతి: మన సైకిళ్ళలో కుడిచేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమచేతిది వెనక చక్రానికి ఉంటుంది. అక్కడ తిరగబడుతుంది, ఎడమచేతిదే ముందు చక్రం. కంగారులో ఎడమది గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీద నుంచి బోర్లా పడతారు. మీవారికీ ఇది చెప్పండి, అలవాటు బలంగా ఉన్నవారికే ప్రమాదం ఎక్కువ. షాపు ముందే ఒక పది నిమిషాలు నొక్కి నొక్కి చూసి బయల్దేరండి. రోడ్డు మీద కుడివైపు వెళ్ళాలన్నది ఎలాగూ తెలుసు.

తిండికి ఇబ్బంది పడతారు, కానీ పస్తులుండరు. ఆ సీమ గొప్ప వంటకం కాసులే, తెల్ల చిక్కుళ్ళలో బాతు మాంసం, పంది మాంసం వేసి ఉడికిస్తారు. చిక్కుళ్ళే కదా అని మోసపోకండి. బంగాళాదుంపలు కూడా బాతు కొవ్వులో వేయిస్తుంటారు, అడిగి తినండి. చీజ్‌లలో కొన్నిటికి పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, మీకు పట్టింపుంటే అదీ అడగాలి. మాంసం, చేప, గుడ్డు తిననని ఫ్రెంచిలో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. పొద్దున బేకరీ రొట్టె, సంతలో టమాటాలు, పండ్లు దొరుకుతాయి. హోటళ్ళలో మధ్యాహ్న భోజనం 12 నుంచి 2 వరకే. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా కొట్లు మూసేస్తారు, ముందు రోజే కొనుక్కోవాలి. వంటగది ఉన్న బస తీసుకుంటే రాత్రికి అన్నం వండుకోవచ్చు. కందిపొడి, పులిహోర పేస్టు పెట్టెలో పెట్టుకోండి. నెయ్యి మాత్రం వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తేనివ్వరు.

అత్తగారి విషయం ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. దాన్ని అడ్డంకిగా చెప్పారా, సాకుగా చెప్పారా నాకు అర్థం కాలేదు. ఆవిడను చూసుకోవలసిన బాధ్యత కొడుకు, కూతుళ్ళది కూడా. మీరిద్దరూ ఎలాగూ మ్యూనిక్ వెళ్తున్నారు కాబట్టి ఆ ఏర్పాటు సైకిల్ ఉన్నా లేకపోయినా చేయాల్సిందే. ఆ మాట ఆడపడుచును అడగవలసింది మీరు కాదు, ఆమె అన్నగారు. నిక్కర్ల మీద ఆవిడ నవ్వుకు జవాబు చెప్పనక్కర్లేదు.

వీసా సంగతి చెప్పి ఆపుతాను. ఎక్కువ రోజులు జర్మనీలో ఉంటే జర్మనీకే, ఫ్రాన్స్‌లో ఉంటే ఫ్రాన్స్‌కే అప్లై చేయాలి. కాబట్టి పై దారుల్లో ఏదో ఒకటి తేలాకే దరఖాస్తు పెట్టండి. షెంగెన్ వీసాకు, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఈ వీసాకు, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు వచ్చే ఇన్సూరెన్స్ ఎలాగూ అడుగుతారు. కొన్ని పాలసీల్లో సాహస క్రీడలు మినహాయిస్తారు. రోజుల తరబడి సైకిల్ ప్రయాణం అందులోకి వస్తుందో రాదో, మీ మోకాలిని పాత జబ్బు కింద లెక్కేస్తారో లేదో, కంపెనీని మెయిల్‌లో అడిగి జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.